బారువ దాటని మంత్రం

ఆ రోజుల్లో లోకాన్ని ఏలడానికి మాకు రెండే కావాలి: గట్టి ఊపిరి, మంచి ఎండ. ఏడాదంతా టెక్కలిలో గుమస్తాగారి అమ్మాయినైన నేను, వేసవి సెలవుల్లో ఉద్దానం వెళ్ళగానే అమ్మమ్మ జీడితోటలో మాయల రాణినైపోయేదాన్ని. పిన్ని కూతుళ్ళిద్దరూ నా సైన్యం. ఎదుటి రాజ్యం మావయ్య కొడుకుది, అంటే మా బావది. అతనిది యంత్రాల రాజ్యం. అతని యంత్రం ఒక అద్దం ముక్క. దాని వెలుగు ఎవరి కంట్లో పడితే వాళ్ళు శిలైపోవాలి. మా మంత్రం, నాన్న ప్యాసింజరు బండిలో నేర్పిన స్టేషన్ల పేర్లు. నౌపడ, పూండి, పలాస, సుమ్మాదేవి, మందస, బారువ, సోంపేట అంటూ ఇచ్ఛాపురం దాకా గుక్క తిప్పుకోకుండా చదివితే శత్రుసైన్యమంతా శిలే. "దేని లోటు దానికుండాల. నేకపోతే ఆటేటుంటాది?" అని బావే చట్టం చేశాడు. కాబట్టి అద్దం నీడలో పనిచేయదు, మంత్రం ఊపిరి తెగితే పనిచేయదు. నా ఊపిరి ఎప్పుడూ బారువలోనే తెగేది (సోంపేట చూసిన మంత్రం మా రాజ్య చరిత్రలోనే లేదు). అయినా చెట్ల నీడ మమ్మల్ని కాస్తుండేది గనుక రెండు రాజ్యాలూ సరితూగేవి.

అసలు తగువు పాక కోసం. తోట చివర, సముద్రపు గాలి తగిలే చోట ఒక తాటాకు పాక ఉండేది. గెలిచినవాళ్ళకి సెలవులయ్యేదాకా ఆ పాక. ఓడినవాళ్ళకి ఎండలో అమ్మమ్మ వెనకాల నడుం వంచి జీడిపిక్కలు ఏరే పని. అలాంటి సమయంలో, రేపు ఆఖరి యుద్ధమనగా, బావ వెళ్ళి మావయ్య మోటారుసైకిలు అద్దం ఊడదీసుకొచ్చాడు. అరచేయంత అద్దం! ఎండలో నిలబడి తిప్పాడంటే వెలుగు కొమ్మల సందుల్లోంచి మా కాళ్ళ దగ్గరికే వచ్చేస్తోంది. "అక్కా, మనం పిక్కలేరుకోడమే" అంది నా సైన్యంలో పెద్దది. చిన్నది అప్పుడే వెళ్ళి బుట్ట తెచ్చుకుంది.

నేను రాణిని కదా, రాత్రంతా ఆలోచించి వజ్రతిలకం కనిపెట్టాను. అది పెట్టుకున్నవాళ్ళని ఏ వెలుగూ తాకదు. పచ్చి జీడిపిక్క రసంతో పెట్టాలి. అది ఒంటికి తగిలితే పుండు పడుతుందని నాకూ తెలుసు. కాలే వస్తువులోనే కదా శక్తి ఉండేది, మంత్రంతో లొంగదీసుకుంటే సరి అనుకున్నాను (తర్వాత కాలేజీలో కెమిస్ట్రీ చదివాను గానీ, పరీక్షలో ఆ ప్రశ్న రాలేదు).

మర్నాడు రాయితో పిక్క చితక్కొట్టి, పలాస దాకా మంత్రం చదివి, రాణి ముందుండాలి గనుక నా నుదుటిన బొటనవేలంత తిలకం దిద్దుకున్నాను. "ఓలక్కా, మండదేటి?" అని పెద్దది వెనక్కి జరిగింది. "మంత్రం సదివేసేను. రా, మొకమెత్తు" అని దాని గడ్డం పట్టుకున్నాను.

ఎండలో అద్దం పట్టుకుని నిలబడ్డ బావ అది చూశాడు. చూసి ఊరుకుంటే చాలు, యుద్ధం లేకుండానే పాక అతనిది. "ఓలె! ఏటి రాసేత్తన్నావే దానికి!" అని అరుస్తూ, అద్దం అక్కడే వదిలేసి పరుగెత్తుకొచ్చాడు. అద్దం రాయి మీద పడి మూడు ముక్కలైంది. అతను వెనక్కి కూడా తిరగలేదు. పిక్కలు ఒలిచేవాళ్ళు చేతులకి పూసుకునే కొబ్బరినూనె సీసా పాకలోంచి లాక్కొచ్చి నా నుదుటి మీద కుమ్మరించి, చొక్కాతో తుడవడం మొదలెట్టాడు.

"నాను రాణిని, వదులు!"

"రాణివైతే మాత్రం తోలూడదేటే? కదలకు!"

అమ్మమ్మ వచ్చి తీర్పు చెప్పింది. "మంతరగత్తికి మొకం పోనాది, యంతరగాడికి అద్దం పోనాది. ఇద్దరూ బుట్టలట్టండి. పాక నాది." మేం పిక్కలేరుతుంటే ఆవిడ పాకలో కాళ్ళు చాపుకుని సముద్రపు గాలి తాగింది. బావ మావయ్య చేత తిట్లు తిన్నాడు గానీ, అద్దం ఎందుకు జారిందో మాత్రం చెప్పలేదు.

నా నుదుటిన ఇప్పటికీ చిన్న మచ్చ ఉంది, బొట్టు కింద. పిన్ని పెద్ద కూతురి నుదుటిన ఏమీ లేదు. దాని పెళ్ళిలో బాసికం కట్టిన ఆ నున్నటి నుదురు చూసినప్పుడు, మూలపేట పోర్టు పనుల్లో క్రేను నడిపే బావ వైపు చూశాను. అతను పులిహోర తింటున్నాడు.

మా పాప ఒళ్ళు కాస్త వేడెక్కితే చాలు, నేను రెండు రాజ్యాల సైన్యాన్నీ దించేస్తాను. చంకలో థర్మామీటరు, చేతిలో దిష్టి ఉప్పు. "ఈసారి ఏటి రాసీసేవే పిల్లకి?" అని బావ ఫోన్లో వెక్కిరిస్తాడు, వెక్కిరించాక "నాను రానా?" అంటాడు. ఈ వేళ జ్వరం తగ్గింది గానీ పాప నిద్రపోనంది. పక్కన పడుకుని నౌపడ, పూండి, పలాస అని మొదలుపెట్టాను. రాణిగారి ఊపిరి ఇప్పుడు మందస కూడా చేరడం లేదు. గుక్క తిప్పుకుని చూద్దును కదా, శత్రువు అప్పటికే నోరు తెరుచుకుని నిద్రపోయింది.