మా బావగారి మడత చాకులు

మా బావగారు పోయారన్న కబురు బాపట్లలో మాకు పొద్దున్నే, పాలు పొయ్యి మీద ఉండగా అందింది. తెనాలి నుంచి మొదటి రైలుకు వచ్చిన మనిషి గుమ్మంలో నిలబడి, "నిద్రలోనే వెళ్ళిపోయారండి. ఏ బాధా పడలేదండి" అన్నాడు. మావారు అన్నగారిని తలుచుకుని ఏడుస్తూనే చొక్కా తొడుక్కున్నారు. నేను పొయ్యి ఆర్పి, కట్టుకున్న చీరతోనే బయల్దేరాను.

మేం వెళ్ళేసరికి ఆయన్ని వసారాలో చాప మీద పడుకోబెట్టారు. ఒంటి మీద ఎప్పుడూ వేసుకునే జేబుల బనీనే ఉంది. మా తోడికోడలు, నేను అక్కయ్య అని పిలిచేది, తల దగ్గర కూర్చుని ఏడుస్తోంది. నన్ను చూసి ఇంకా గట్టిగా ఏడ్చి, మధ్యలో ఆగి, నా చెవి దగ్గరకు వంగి, "జేబులు చూడు చెల్లాయ్. మనిషిని అలా పంపకూడదు" అంది. చూశాను. కుడి జేబులో కొమ్ము పిడి చాకు. ఎడమ జేబులో చేప ఆకారంలో ఉన్న ఇత్తడి చాకు. మొలతాడుకు ఇంకొకటి. "అంతేనా? ఇంకోటుంటుంది, వెతుకు" అంది అక్కయ్య. అది తలగడ కింద దొరికింది. ఆమె నా వైపు చూసింది, నేను ఆమె వైపు చూశాను, ఇద్దరం కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నాం. చూసినవాళ్ళు దుఃఖం ఆపుకోలేకపోతున్నాం అనుకున్నారు. దుఃఖమే. కానీ అందులో నవ్వు కూడా ఉంది.

చాకులంటే మీరు ఆయన్ని మరోలా ఊహించుకోకండి. మావారి అన్నగారు తెనాలిలో ఒక హైస్కూల్లో డ్రాయింగు మాస్టారు. గడ్డం గీసుకుంటూ గాటు పడితే, అద్దంలో ఆ ఎర్రటి చుక్క చూసి, అక్కయ్యను కేకేసి కుర్చీలో కూలబడే మనిషి. పెన్సిళ్ళు చెక్కుకోవడానికి వాళ్ళ నాన్నగారి పాత పొగాకు చాకు జేబులో వేసుకోవడంతో మొదలైందట ఈ పిచ్చి. తరవాత తిరునాళ్ళలో, పాత సామాన్ల కొట్లలో, చివరికి రైల్లో పక్కన కూర్చున్నవాళ్ళ చేతుల్లో, ఎక్కడ మడత చాకు కనిపించినా ఆయన కాళ్ళు ఆగిపోయేవి.

ఒకసారి రేపల్లె రైల్లో ఒక రైతు జామకాయ కోసుకుంటున్నాడు. బావగారు జరిగి జరిగి అతని పక్కకు చేరారు.

"ఏమయ్యా, ఒకసారి ఇస్తావా?"

"జామకాయాండి?"

"కాయ నువ్వు తిను. ఆ చాకు చూడనీ."

చూశారు. పిడి ఏ కొమ్ముతో చేసిందో, మేకు ఎవరు కొట్టారో, కోసే అలుగు ఎన్నిసార్లు సాన పట్టి అరిగిందో అన్నీ అడిగారు. ఈలోగా ఆ రైతు దిగాల్సిన స్టేషను దాటిపోయింది. చాకు ఈయన చేతిలో ఉంది మరి! ఆఖరికి తన కొత్త చాకు అతనికిచ్చి, అరిగిపోయిన ఆ పాతది తెచ్చుకున్నారు. ఆ రైతు తరవాతి స్టేషన్లో దిగి, వెనక్కి నడుస్తూ, ఈయన వైపు అదోలా చూశాడని మావారు ఇప్పటికీ చెబుతారు.

ఊరికే పోగేస్తే సరిపోయేది. ఆయన వాటిని మార్చేవారు. స్కూలు నుంచి రాగానే వసారాలో ఆకురాయి, చిన్న సుత్తి, సానరాయి ముందేసుకుని కూర్చునేవారు. పిడులు ఊడదీసి తుమ్మ చెక్కతో కొత్తవి వేసేవారు. అలుగు ఉండాల్సిన చోట చెవిలో గుబిలి తీసే పుల్ల వచ్చేది. ఒకదానికి దువ్వెన, ఒకదానికి మందు తాగే చెంచా. పిల్లల చేతులు తెగుతాయని పదును అంతా రాసేసేవారు. ఒక చాకుకి మాత్రం మాంచి స్ప్రింగు పెట్టారు. అది నొక్కగానే అలుగు పిడిని వదిలేసి పెరట్లోకి దూసుకుపోయి, బట్టలారేసిన తాడు తెంపింది. ఉతికిన బట్టలన్నీ బురదలో పడ్డాయి. అక్కయ్య పరుగెత్తుకొచ్చింది. బావగారు ఆమె మొహం చూడకుండా తాడు కొస చేతిలోకి తీసుకుని, "చూశావా, ఎంత నున్నగా తెగిందో!" అన్నారు.

"ఇంటి నిండా చాకులే, వంకాయ తరగడానికి ఒక్కటీ పనికిరాదు" అని అక్కయ్య అనేది. ఆవిడ ఏనాడూ కత్తిపీట వదల్లేదు.

నేను కొత్త కోడలిగా వెళ్ళినప్పుడు ఆయన ఎదుటపడి మాట్లాడే అలవాటు లేదు. నాకు పుట్టినప్పటి నుంచీ ఎడమచేతి వాటం. మా అమ్మ ఎంత తిట్టినా పోలేదు. అత్తవారింట్లో ఎవరైనా చూస్తే బాగుండదని కుడిచేత్తో తరిగి వేళ్ళు కోసుకునేదాన్ని. పుట్టింటి నుంచి తెచ్చుకున్న చిన్న ఇత్తడి చాకు ఒకటి ఉండేది. ఒకరోజు తలుపవతల నుంచి బావగారి గొంతు వినబడింది.

"అమ్మాయ్, నీ చాకు ఒకసారి ఇస్తావా?"

"ఇచ్చావంటే అది మళ్ళీ చాకులా రాదు, ఆలోచించుకో" అని అక్కయ్య గుసగుసగా అంది. అయినా ఇవ్వనని ఎలా అంటాను?

కొన్నాళ్ళకు గూట్లో పెట్టి వెళ్ళారు. దువ్వెనా లేదు, చెంచా లేదు. ఏం మార్చారో నాకు మొదట అర్థం కాలేదు. తెరవబోతే తెలిసింది. అలుగుని గోరు పెట్టి లాగే గాడి చాకులకు ఒకవైపే ఉంటుంది, కుడిచేతి వాటం వాళ్ళకు వీలుగా. ఆయన దాన్ని రెండో వైపు కొత్తగా చెక్కారు. ఎడమచేతి బొటనవేలు పెట్టగానే మెత్తగా తెరుచుకుంది. ఆ ఇంట్లో నా ఎడమచేతిని చూసినా చూడనట్టే ఊరుకుని, దానికి దారి చేసిన మనిషి ఆయన. వంటింట్లో నిలబడి కాసేపు దాన్ని తెరుస్తూ మూస్తూ ఉండిపోయాను. పదును మాత్రం మామూలుగానే తీసేశారు. సాన పట్టేవాణ్ణి పిలిచి ఆయనకు తెలియకుండా పెట్టించుకున్నాను.

"తెరవడం ఎవరైనా తెరుస్తారు. మూసేటప్పుడు చూసుకోవాలి వేళ్ళు" అని ఆయన పిల్లలకు చెప్పేవారు. అన్నదమ్ములకు మాటా మాటా వచ్చినప్పుడు కూడా ఈ మాటే అనేవారు, చాకు చేతిలో లేకపోయినా.

మా ఆడపడుచుకు రేపల్లె సంబంధం వచ్చినప్పుడు ఈ చాకులే మా కొంప ముంచబోయాయి. మా మామగారు అప్పటికే లేరు, పెద్దరికం బావగారిదే. కుర్రవాడు నచ్చాడు, పిల్ల కూడా నచ్చింది. అంతా కుదిరిందనుకునేసరికి మధ్యవర్తి తల గోక్కుంటూ వచ్చాడు.

"వాళ్ళు ఆలోచనలో పడ్డారండి. పెళ్ళికూతురి అన్నగారు జేబు నిండా కత్తులేసుకుని తిరుగుతారని ఎవరో చెప్పారటండి."

ఆడపడుచు లేచి లోపలికి వెళ్ళిపోయింది. ఆ పిల్ల మనసు ఆ కుర్రవాడి మీద ఉందని మాకందరికీ తెలుసు. బావగారు చాకులన్నీ పెట్టెలో పెట్టి, "ఇంక ముట్టను" అన్నారు. మాట మీదే ఉన్నారు. స్కూల్లో బ్లేడుతో పెన్సిళ్ళు చెక్కుకున్నారు. సాయంత్రాలు వసారాలో కూర్చుని చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు మోకాళ్ళ మీద పెట్టేవారు, తీసేవారు. అన్నం కూడా సరిగా తినలేదు.

ఇన్నేళ్ళూ ఆ చాకుల్ని తిట్టిన అక్కయ్యే ఒకరోజు పెట్టె తెచ్చి ఆయన ముందు దభీమని పెట్టింది.

"దాచి పెళ్ళి చేస్తే రేపు ఆ పిల్లని అంటారు. రేపల్లె వెళ్దాం పదండి. ఉన్న మనిషిని ఉన్నట్టే చూస్తారు. జేబులో వేసుకోండి."

"ఏవి వేసుకోనే?"

"నాకేం తెలుసు? మంచివి చూసి వేసుకోండి!"

పెళ్ళికి చీర ఎంచుకున్నట్టు ఆ సాయంత్రమంతా ఎంచుకున్నారు.

మర్నాడు మేం నలుగురం రేపల్లె వెళ్ళాం. కుర్రవాడి తండ్రి మీసాల పెద్దాయన, వ్యవసాయం, పాడి. మంచినీళ్ళు ఇచ్చి, సూటిగా అడిగారు.

"మీ దగ్గర కత్తులుంటాయట?"

"ఉంటాయండి."

"ఎన్నుంటాయేంటి?"

"ఇప్పుడు నా దగ్గరాండి, మొత్తం మీదాండి?"

మావారు కళ్ళు మూసుకున్నారు. బావగారు పైపంచ బల్ల మీద పరిచి, జేబుల్లోవి తీసి వరసగా పేర్చడం మొదలుపెట్టారు. ఆ పెద్దాయన మొహం బిగుసుకుపోయింది. సరిగ్గా అప్పుడే పశువుల కొట్టంలోంచి కేక. దూడ స్తంభం చుట్టూ తిరిగి తిరిగి తాడు మెడకు బిగుసుకుంది. నాలుక బయటికొచ్చింది. ముడి రావడం లేదు.

"కత్తి! కత్తి తెండి!" అని పెద్దాయన అరిచారు.

బావగారు చాకులన్నీ పైపంచలో మూటలా పట్టుకుని పరుగెత్తారు. మొదటిది తెరిచారు, దువ్వెన. రెండోది తెరిచారు, చెంచా. మూడోది తెరుచుకోలేదు. నాలుగోది తెరుచుకుంది, అలుగే వచ్చింది. ఆయన దాంతో తాడు మీద రాశారు, రాశారు, చెమటలు పట్టేలా రాశారు. తాడు చెక్కుచెదరలేదు. ఈలోపు కుర్రవాడి తల్లి గడ్డి కోసే కొడవలి తెచ్చి ఒక్క వేటుకు తాడు తెంపింది. దూడ దగ్గి, తల విదిలించి, తల్లి దగ్గరకు పోయింది.

బావగారు ఒక చేతిలో ఆ తెగని చాకు, ఇంకో చేతిలో చెంచా పట్టుకుని నిలబడి ఉన్నారు. పెద్దాయన ఆ చెంచా వైపు చూశారు, కింద పడున్న దువ్వెన వైపు చూశారు. ముందు మీసాలు కదిలాయి. తరవాత ఆయన నవ్వు వీధిలోకి వినబడింది.

"ఇన్ని కత్తులుండీ ఒక్క తాడు తెంపలేకపోయారే! మీకా మాస్టారూ, మేం భయపడింది!"

ఆయన భార్య గుబిలి పుల్ల ఉన్న చాకు చేతిలోకి తీసుకుని, "ఇది నాకిస్తారా అన్నయ్యగారూ?" అంది. ఆ 'అన్నయ్యగారూ' వినగానే అక్కయ్య నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. తాంబూలాలు పుచ్చుకునే రోజు అక్కడే అనుకున్నాం.

తిరుగు రైల్లో మేమంతా సంతోషంగా ఉన్నాం, బావగారు తప్ప. కిటికీ పక్కన కూర్చుని, జేబులోంచి చిన్న సానరాయి తీసి తెనాలి వచ్చేదాకా చాకు నూరుతూనే ఉన్నారు. "సంబంధం కుదిరింది, మంచిదే. కానీ ఒక్క తాడు తెంపలేకపోయానని ఆయన అనకుండా ఉండాల్సింది" అన్నారు. అప్పటి నుంచి ఆయన జేబులో నిజంగా తెగే చాకు ఒకటి ఉండేది. ఆ వియ్యంకుడుగారు ఎప్పుడొచ్చినా దాని పదును బొటనవేలితో చూసి, "బాగుపడ్డారు మాస్టారూ" అనేవారు. ఆయనే ఆ ప్రాంతంలో పాత చాకు ఎక్కడ కనిపించినా కొని, మూటగట్టి తెచ్చేవారు. మొన్న కర్మలకొచ్చి, వసారాలో ఖాళీగా ఉన్న బావగారి పీట దగ్గర చాలాసేపు కూర్చున్నారు.

బావగారు ఆఖరిసారి బాపట్ల వచ్చినప్పుడు అందరం సూర్యలంక సముద్రం ఒడ్డుకు వెళ్ళాం. ఇసుకలో కూర్చుని ఆయన ఆ తెగే చాకుతో దోసకాయ కోశారు. ఒక్కో ముక్కా అలుగు మీదే పెట్టి, కింద అరచెయ్యి పట్టి, పిల్లలకూ పెద్దలకూ అందించారు. తరవాత చాకును పంచె అంచుతో తుడిచారు. అల మీంచి వచ్చిన ఉప్పు తుంపర మళ్ళీ దాని మీద పడింది. మళ్ళీ తుడిచారు. "మూసి జేబులో పెట్టుకోండి, ఇంటికెళ్ళి తుడుచుకుందురు" అని అక్కయ్య అంది. ఆయన విన్నట్టే తల ఊపి, ఎండలో అలుగును కొంచెం పైకెత్తి చూసుకుని, తుంపర పడుతుంటే తుడుస్తూనే ఉన్నారు.