జావా పాఠంలో మా జేజి

ఆ రోజుల్లో మా పల్లె పక్కనున్న కదిరిలో వాన పడినా పడకపోయినా కంప్యూటర్ సెంటర్లు మాత్రం మొలుస్తూనే ఉండేవి. అలాంటి ఒకదాంట్లో, జావా నేర్చుకున్న నోరు ఆరకముందే జావా నేర్పే పంతులమ్మనైపోయాను. మా ఇంట్లో ఆడపిల్ల ఉద్యోగానికి గడప దాటడం అదే మొదలు. నాయనకు పెద్దగా ఇష్టం లేదు, కాదనడానికి నోరూ రాలేదు. "జేజి ఊ అంటే పో" అన్నాడు (నాయనమ్మను మేం జేజి అంటాం). జేజి "కొన్నాళ్ళు చూద్దాం" అంది. నాకేమో ఆ ఉద్యోగమంటే ప్రాణం. జేజి ఎప్పుడు ఊహూ అంటుందోనని రోజూ భయమే.

ఒకరోజు పాఠం అబ్‌స్ట్రాక్ట్ క్లాసు. పుస్తకంలోని వృత్తాలూ చతురస్రాలూ చెబుతుంటే పిల్లలు ఆవులిస్తున్నారు. నాకు హుషారు పుట్టి, బోర్డు మీద 'జేజి' అని ఒక క్లాసు రాశాను (జావాలో క్లాసంటే తరగతి కాదు, ఒక నమూనా). "మా జేజి పొయ్యి ముట్టదు. 'వంట కావాల' అంటాది, అంతే. ఏం వండాల, ఎట్లా వండాల అని చెప్పదు. అబ్‌స్ట్రాక్ట్ మెథడ్ అంటే అదే, పేరుంటాది, లోపల పని ఉండదు. ఆ పని వంతు వచ్చిన కోడలు నింపాల." పెద్దమ్మ క్లాసులో రాగిసంగటి, ఊరుబిండి పచ్చడి పెట్టాను, అమ్మ క్లాసులో జొన్నరొట్టె. (అలా పని నింపే క్లాసులను జావాలో వారసులంటారు. కోడళ్ళు అత్తకు వారసులెట్లా అనకండి, ఇంటి తాళంచెవులు ఎవరికి పోతాయో చూడండి.) నింపకపోతే ఏమవుతుందో చూపడానికి చిన్నమ్మ క్లాసు ఖాళీగా వదిలేశాను. మా చిన్నమ్మ బంగారంలాంటి మనిషి. కాకపోతే వంతు వచ్చిన రోజే ఆమెకు తలనొప్పి వస్తుంది. కంప్యూటర్ తప్పు చూపించింది. "చిన్నమ్మ వంట చేయలేదంట!" అని చదివాను. తరగతి గొల్లుమంది. నవ్వనివాడు ఒక్కడే, ముందు బెంచీలో కూర్చున్న చిన్నమ్మ సొంత తమ్ముడు. మా పక్క ఏ నలుగురిని ఒకచోట కూర్చోబెట్టినా ఒక చుట్టం తేలుతాడన్న సంగతి పాఠం ఊపులో మరిచేపోయాను.

నేను ఇల్లు చేరేలోపే వార్త చేరింది. చిన్నమ్మ కొంగు నడుముకు దోపి నిలబడింది. "బావా, నీ కూతురు నా పేరు బోర్డు మీద రాసి, వంట చేయదని కదిరంతా చాటినాది. దాన్ని ఇంట్లో కూర్చోబెడతావా, నన్ను పుట్టింటికి పొమ్మంటావా?" నాయన జేజి వైపు చూశాడు. నా ఉద్యోగం అయిపోయిందనుకున్నాను. జేజి వక్క నములుతూ, "ఏం రాసిందో నేను చూడల్యా కదప్పా. చూసినాంక చెప్తా" అంది. మర్నాడు నిజంగానే నాయన వెంట వచ్చి, వెనక బెంచీ మీద కాళ్ళు మడుచుకుని కూర్చుంది.

పాఠం మళ్ళీ మొదలుపెట్టాను. లోపల పని నిండని జేజి క్లాసు నుంచి నేరుగా మనిషిని తయారు చేయమంటే కంప్యూటర్ కుదరదంది.

"ఏమంటాండాది అది?" అంది జేజి.

"నిన్ను తయారు చేసేకి ఎవురికీ కాదంట జేజీ. కోడళ్ళనైతే చేయొచ్చంట."

"నిజమేలే. మిషన్‌కు బుద్ధి ఉండాది." పాఠం చిన్నమ్మ క్లాసు దగ్గరికి వచ్చేసరికి మాత్రం జేజి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదలడం చూసి నాకు ప్రాణం లేచొచ్చింది.

ఇంటికెళ్ళాక తీర్పు చెప్పింది. "పాప అబద్ధమేం రాయల్యా. చిన్నమ్మీ, రేపు నీ వంతు. తలనొప్పికి మాత్ర తెప్పిస్తా. ఒరే నడిపోడా, పాప రోజూ కదిరికి పోతాది."

"ఎట్లా పోతాదిమ్మా? ఆ టైముకు బస్సు ల్యాదే, ఇన్నాళ్ళూ ఎవురో ఒకరి బండెక్కి పోతాండె" అన్నాడు ఆ నడిపి కొడుకు, మా నాయన.

"పోతాదని చెప్పినా. ఎట్లనేది నువ్వు చూసుకో."

నాయన సైకిల్ కొనిపెట్టాడు. అబ్‌స్ట్రాక్ట్ మెథడ్‌కు అంతకంటే మంచి ఉదాహరణ ఏ పుస్తకంలో దొరుకుతుంది? పెద్ద పంతులమ్మనని విర్రవీగిన నాకు మాత్రం అప్పుడు తట్టనే లేదు, సైకిల్ ఎరుపుదా నీలందా అని ఆలోచిస్తున్నాను. ఆ పిచ్చిపిల్లను తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. ఇప్పుడు జేజి లేదు. ఆమె మాటల్లో సగం నాకు ఇప్పుడిప్పుడే అర్థమవుతున్నాయి, చెబుదామంటే మనిషి లేదు.