సూరిబాబుకు చెప్పిన అబద్ధం

పద్దెనిమిదేళ్ళుగా ఈ మాట గొంతుకు అడ్డం పడి ఉంది. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెబుతున్నాను. జాలి మాత్రం పడకండి. నాకు ఒళ్ళు మండుతుంది.

మాది రామచంద్రపురం దగ్గర పల్లె. మా ఆయనకు గుండె రక్తనాళాలు మూడు పూడుకుపోయాయి, బైపాస్ చెయ్యాలన్నారు. గుండెను ఆపి, మెషీన్ పెట్టి చేస్తారని వినగానే ఆయన మంచం దిగి చెప్పులేసుకున్నారు. మెరక చేలకు నీళ్ళు తోడే మా పాత ఆయిల్ ఇంజనును ఊడ్పులు పూర్తయ్యేదాకా ఆపనిచ్చేవారు కాదు, ఆపితే మళ్ళీ అందుకోదని. గుండె విషయంలోనూ అదే పట్టు. చివరికి రాజమండ్రిలో ఒక డాక్టరుగారు, కొట్టుకుంటున్న గుండె మీదే చేస్తానంటే ఒప్పుకున్నారు. అవసరమైతే గుండె ఆపి మెషీన్ పెట్టక తప్పదని డాక్టరుగారు నాకు విడిగా చెప్పారు. సంతకం పెట్టాను. మా ఆయన తన నెత్తిన నా చెయ్యి పెట్టించుకుని అడిగితే, ఆపరని ఒట్టు వేశాను.

ఆపారు. మధ్యలో బీపీ పడిపోయిందట. ఆయన బతికారు. ఇందులో నా తప్పేంటి? ఇవాళ మళ్ళీ ఆ కాగితం ఇచ్చినా సంతకం పెడతాను. ఆ తరవాత కాలువ గట్టు మీద కనబడ్డవాళ్ళకల్లా చొక్కా గుండీలు విప్పి చూపిస్తూ, తన గుండె క్షణం కూడా ఆగలేదని చెప్పుకునేవారు. చెప్పుకోనిచ్చాను.

రెండేళ్ళకు మా మరిది సూరిబాబుకు అదే జబ్బు. అతనికి మెషీన్ మీదే చెయ్యాలి, ఆలస్యం వద్దని ఆ డాక్టరుగారే అన్నారు. సూరిబాబు మా వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

"నిజం చెప్పండి వదినా. అన్నయ్యకి ఆపకుండానే చేశారా?"

వెనకాల పడక్కుర్చీలోంచి మా ఆయన నవ్వుతూ నన్నే చూస్తున్నారు.

"ఆపకుండానే చేశారు సూరీ."

"అయితే నాకూ అలా చేసేవాళ్ళు దొరికేదాకా చేయించుకోనండి."

చేయించుకోలేదు. నాలుగో నెలలో చేను గట్టు మీద కూలబడ్డాడు. మరి లేవలేదు.

దొంగ ఒట్టు వేసిన పెళ్ళాన్నవుతానని భయపడ్డానా? ఆయన ముఖంలో ఆ నవ్వు పోతుందనా? ఎన్నిసార్లు తవ్వుకున్నా తేలలేదు. తరవాతైనా సూరిబాబును విడిగా పిలిచి చెప్పొచ్చుగా అంటారు. చెప్పొచ్చు. నాలుగు నెలలు రోజూ ఎదురుపడ్డాడు, చెప్పలేదు.

మొన్న వైశాఖంలో మా ఆయనా పోయారు, తన గుండె ఆపారని తెలియకుండానే. నా తోడికోడలు పక్కింట్లోనే ఉంది. ఇది చదివితే చదవనివ్వండి, వచ్చి జుట్టు పట్టుకుంటే పట్టుకోనివ్వండి. మొగుణ్ణి బతికించుకోవడానికి ఆడిన అబద్ధానికి నేనెవరికీ సంజాయిషీ ఇవ్వను. దాని మొగుడికి ఆడింది వేరు. సూరిబాబును నేనే చంపాను. రాసేశాను, ఇప్పుడు కాస్త ఊపిరాడుతోంది.