మునిగిన అడవి మీద మావ పడవ

మావ పోయాడన్న కబురు సరస్సు నుంచి వచ్చింది. ఫోన్ చేసింది అక్కడ పడవలరేవు నడిపే మలాయ్ పెద్దాయన. మేమంతా ఆయన్ని పాక్ చిక్, అంటే బాబాయ్, అంటాం. "మీ మావ పడవలోనే పోయాడు. నీళ్ళలో పడలేదు," అన్నాడు మలాయ్‌లో. ఆ రెండో మాట ఎందుకన్నాడో నాకు వెంటనే అర్థమైంది. అత్తకు ముందు ఆ మాటే చెప్పాను. ఆవిడ గుమ్మం పట్టుకుని నిలబడి, "నీల్లల్లో కాదు గదా అమ్మీ?" అని మళ్ళీ అడిగింది.

మావ మా అమ్మకు తమ్ముడు. పోర్ట్ క్లాంగ్ ఓడరేవులో కంటైనర్ లారీ తోలి రిటైరయ్యాడు. మన మలేసియా తెలుగు సంఘం భోజనాల్లో సాంబారు బకెట్ పట్టుకుని, ఒక్క మాటా మాట్లాడకుండా వరసల మధ్య తిరిగే పొట్టి మనిషి మీలో కొందరికి గుర్తుండే ఉంటాడు. ఆయన మాట్లాడింది నేను విన్నది ఎక్కువగా నీళ్ళ మీదే. వీలు దొరికినప్పుడల్లా పెరాక్ రాష్ట్రంలోని తెమెంగోర్ సరస్సుకు వెళ్ళేవాడు. నా సెలవులు కుదిరితే నన్నూ తీసుకెళ్ళేవాడు.

అది ఆనకట్ట కట్టాక నిండిన సరస్సు. కింద ఒక అడవి మొత్తం మునిగి ఉంది. కొన్ని మానులు ఇప్పటికీ నీళ్ళలోంచి తెల్లగా, ఆకు లేకుండా నిలబడి ఉంటాయి. పైకి కనిపించేవాటి గురించి మావకు దిగులు లేదు. "కనపడని సెట్టే పడవని పట్టుకుంటాది," అనేవాడు.

మావ వేట తోమన్ కోసం. మన కొర్రమీను జాతే, కాకపోతే మనిషి తొడంత లావు పెరుగుతుంది. చెక్కను చేపలా చెక్కి రంగు వేసిన ఎరను దారానికి కట్టి, పడవ వెనక దూరంగా వదిలి, నెమ్మదిగా లాక్కుంటూ వెళ్ళడమే పద్ధతి. తోమన్ పళ్ళకు దారం నిలవదని ఎర ముందు ఉక్కు తీగ కట్టేవాడు. ముడిని నాలుకతో తడిపి బిగించేవాడు. గాలం మొన బొటనవేలి గోటి మీద గుచ్చుకోకుండా జారిందంటే, మళ్ళీ ఆకురాయితో సానపట్టాకే రేవు వదిలేవాడు.

వేగం దగ్గర మాత్రం ఎవరి మాటా వినేవాడు కాదు. మాట చివర మలాయ్ వాళ్ళ 'లా' తగిలించి చెప్పేవాడు: "నెమ్మది లా అమ్మీ. ముసిలమ్మ గుడికెల్లినట్టు ఎల్లాల. జోరు సేత్తే ఎర పైకి తేలి ఎర్రిగా తిరుగుతాది. మరీ ఆపేత్తే సచ్చిన పుల్ల." గాలపు కర్ర కొన సన్నగా వణుకుతూ ఉంటే ఎర కింద ఈదుతున్నట్టు. వణుకు ఆగితే నాచు పట్టినట్టు. మలుపు తిప్పినప్పుడు రెండు కర్రల్లో లోపలివైపు ఎర నిదానించి, బయటివైపుది జోరందుకుంటుంది. చేప ఎక్కువగా అక్కడే పడుతుందని, మలుపుల్లో నన్ను మాట్లాడనిచ్చేవాడు కాదు.

ఇంట్లో ఉన్నప్పుడు ఫోన్‌లో చలిదేశాల సరస్సుల్లో సాల్మన్ పట్టే వీడియోలు చూసేవాడు. వాళ్ళు బరువులు కట్టి ఎరను లోతుకు దింపడం, ఎర ముందు తళతళలాడే రేకు కట్టడం, వాటిలో చిన్న రకం కొకానీకి ఒక వేగం, పెద్ద రకం చినూక్‌కి అంతకన్నా జోరు. బిస్కెట్ డబ్బా మూత కత్తిరించి తనూ ఒక రేకు చేశాడు. చేపలు దాన్ని పట్టించుకోలేదు. "ఆల సేప సల్లదనం కోసం లోతుకెల్తాది. మనది ఊపిరి కోసం పైకొత్తాది. ఏది ఏటి సేసినా ఆ ఊపిరి కాడే దొరికిపోతాది," అన్నాడు.

ఒక వానాకాలం మేం రేవు చేరేసరికి అక్కడ జనం ఉన్నారు. ముందురోజు గాలివానలో ఒక పడవ మునిగిన మానుకు తగిలి బోల్తా పడింది. అన్నదమ్ములిద్దరిలో తమ్ముడు ఈది బయటపడ్డాడు. అన్న దొరకలేదు. తమ్ముడు తడిచొక్కాతోనే చెక్కమెట్టు మీద కూర్చుని ఉన్నాడు. గజ ఈతగాళ్ళు పొద్దుటినుంచీ దిగుతున్నారు గానీ ఆ నల్లనీళ్ళలో చెయ్యి కూడా కనబడదు. చోటు తెలిస్తే చాలన్నారు. పాక్ చిక్ మావ వైపు చూశాడు.

మావ ఎరలన్నీ విప్పేశాడు. సీసం గుండ్లు, పెద్ద గాలాలు కట్టాడు. "నాను ఇంజిను సూత్తాను. కర్ర నువ్వు పట్టుకో అమ్మీ."

"నా వల్ల కాదు మావా."

"నీ సెయ్యి నిదానం. ఇంకెవరూ లేరు లా."

అంత నెమ్మదిగా మా పడవ ఎప్పుడూ వెళ్ళలేదు. గాలి లేదు. అడవిలో పక్షి అరుపు కూడా లేదు. మాను తగిలితే దారం గట్టిగా లాగి, ఒక్కసారి వదిలేది. మావ వెనక్కి తిరిగి చూడకుండానే "సెట్టు" అనేవాడు. అలా ఎన్నిసార్లో. చివరికి ఒక మలుపులో దారం మెత్తగా బరువెక్కింది. అది లాగలేదు, వదలనూ లేదు. నేను నోరు తెరిచేలోపే మావ ఇంజిను ఆపేశాడు.

"గుంజకు. అలాగే ఉంచు."

దారానికి ఖాళీ డబ్బా కట్టి తేలేలా వదిలి, ఈతగాళ్ళను పిలిచాడు. వాళ్ళు దిగగానే పడవను తిప్పి నా వీపు అటుపక్కకు వచ్చేలా చేశాడు. టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. రేవులో ఆ తమ్ముడు వచ్చి మావ చెయ్యి పట్టుకుని వదల్లేదు. మావ కూడా విడిపించుకోకుండా, చీకటి పడేదాకా అతని పక్కనే కూర్చున్నాడు. మావను తలుచుకుంటే నాకు మొదట కళ్ళ ముందు నిలిచేది ఆ కూర్చోవడమే.

తిరిగి వస్తుంటే కారులో అన్నాడు: "నీ కర్ర వొంగకముందే తెలిసిపోనాది అమ్మీ. పడవ ఆగిపోదామన్నట్టు అయినాది. నీల్లు మనల్ని గుర్తెట్టుకున్నట్టున్నాది."

ఆ తర్వాత ఆ సరస్సు చేప తినలేదు. పట్టినదాన్ని పట్టినట్టే వదిలేసేవాడు. వెళ్ళడం మాత్రం మానలేదు. అత్త బతిమాలింది, పోట్లాడింది, చివరికి నన్ను మధ్యకు లాగింది. "ఆడకెందుకు ఎల్లడం? ఏటుందాడ? నువ్వైనా సెప్పు."

మావ నన్ను చూసే చెప్పాడు. "బయమేసినాదని మానేత్తే అది నా ఎనకే ఇంటికొచ్చేత్తాది. నానెల్లి సూసొత్తే ఆడే ఉంటాది."

పోయేముందు నెలలో ఫోన్ చేశాడు. వానలు లేక నీళ్ళు తగ్గాయట. "ఎప్పుడూ సూడని సెట్లు పైకొత్తన్నాయి అమ్మీ. ఇన్నాల్లూ వాటి మీంచే తిరిగినాను." గొంతులో దిగులు లేదు. ఎవరో బంధువులు దిగారన్నట్టు చెప్పాడు.

గుండె ఆగిందని ఆసుపత్రిలో చెప్పారు. కాగితాల పనులు మా బావకు అప్పగించి, మావ సామాను కోసం నేను రేవుకు వెళ్ళాను. పాక్ చిక్ జరిగింది చెప్పాడు. సరస్సులో ఒక మూల మావ పడవ నెమ్మదిగా గుండ్రంగా తిరుగుతూ కనిపించిందట. మావ చుక్కాని మీద చెయ్యి వేసుకుని కూర్చునే ఉన్నాడట. తను తన పడవతో దాన్ని లాక్కొచ్చి కట్టేశాడు. దారం ఇంకా నీళ్ళలోనే ఉంది. "మీ ఇంటి మనిషి వచ్చేదాకా ముట్టుకోకూడదనిపించింది," అన్నాడు.

నేను పడవలోకి దిగి దారం చుట్టడం మొదలుపెట్టాను. ఎంత దూరం వదిలాడో గానీ చాలాసేపు వస్తూనే ఉంది. చివరికి ఎర కనిపించింది, ఎర్ర వీపుతో అటూ ఇటూ ఊగుతూ. దాని వెనక, కాస్త కిందగా, తోమన్‌లాంటి పొడవైన నల్లటి నీడ. ఎరను తాకలేదు. దాంతో పాటే, అదే నిదానంతో, పడవ అంచుదాకా వచ్చింది. నేను చుట్టడం ఆపాను. అదీ ఆగింది. పాక్ చిక్ నా భుజం మీద చెయ్యి వేశాడు. ఇద్దరం కదలకుండా చూస్తూ ఉండగా, అది తిరగకుండా, తోక ఆడించకుండా, ఉన్నచోటే మెల్లగా కిందికి దిగిపోయింది.