మూడు బిళ్లల ధర

ఎల్లారెడ్డి అంగట్లో సిద్ధిరాములు ఎవరంటే వెంటనే ఎవరికీ తట్టదు గాని, పుట్నాల సిద్ధిరాములు అనండి, చెప్పులు కుట్టే ఆయన కూడా పని ఆపి చెయ్యి చూపిస్తాడు. ఉండేది కామారెడ్డిలో, రైలు పట్టాల అవతల. పుట్నాలు, మురుమురాలు, బెల్లం పట్టీలు మోపెడ్ మీద కట్టుకుని ఒకనాడు రామారెడ్డి, ఒకనాడు మాచారెడ్డి, ఇంకోనాడు బీర్కూర్, అంగడి ఎక్కడుంటే అక్కడ వాలిపోయేవాడు. భార్య యాదవ్వ ఇంట్లో బీడీలు చేస్తుంది. ఆమె మనసు సంగతి దేవుడెరుగు, నోరు గట్టిదన్నది మాత్రం వాడకట్టంతా ఎరుగును.

పుట్నాల బస్తా పక్కన అతను ఒక ఎర్రగుడ్డ పరిచేవాడు. దాని మీద స్టీలు గ్లాసు, గ్లాసులో మూడు రూపాయి బిళ్లలు. ఆటకు పదిహేను రూపాయలు. గ్లాసు గిలకొట్టి గుడ్డ మీద బోర్లించాలి. మూడు బిళ్లలూ సింహాల వైపు, అంటే బొమ్మ వైపు పడ్డాయా, అరవై రూపాయలు చేతిలో పెట్టేవాడు. లేదంటే పదిహేనూ పోయినట్టే. పోలీసాయన టోపీ దూరాన కనిపించిందంటే గుడ్డ మడతపడి బస్తా కిందికి పోయేది. అప్పుడు చూడాలి మనవాడి ముఖం, పుట్నాలు తప్ప పుట్టినప్పటి నుంచి ఇంకేమీ ఎరగనట్టు పెట్టేవాడు.

అట్లాగని సిద్ధిరాములు మోసగాడనుకునేరు. కాదు. అసలు అతని గర్వమంతా అక్కడే ఉంది.

"నాది ధర్మం ఆట," అనేవాడు గొంతు పెంచి. "లెక్క చూడుండ్రి. మూడు బొమ్మలు పడొచ్చు, రెండు పడొచ్చు, ఒకటి పడొచ్చు, అసలుకే పడకపోవచ్చు. నాలుగే గదా? నాలుగింట్ల ఒకటి మీది. అరవైల నాలుగో వంతు ఎంత? పదిహేను. గదే ధర. నాకేం మిగులది. నేను బతికేది పుట్నాల మీద, ఆట గిరాకి కోసం."

జనం తలూపేవాళ్లు. నాలుగు రకాలు కళ్ల ముందే కనిపిస్తున్నాయి, కాదనడానికి ఏముంది? అయినా ప్రతి అంగడికీ ఆట డబ్బు మిగులుతూనే ఉండేది. సిద్ధిరాములు దాన్ని ఎల్లమ్మ తల్లి చలవ అనుకున్నాడు. అందులోంచి కొంత తీసి నిండు భక్తితో హుండీలో వేసి దండం పెట్టుకునేవాడు. ఓడినవాళ్లు గొణిగితే నవ్వి, తప్పు వాళ్ల అదృష్టం మీదికి నెట్టేవాడు.

"ఆటల తప్పు లేదన్నా, నీ తక్దీరే బాగలేదు!"

ఆ మాట అతనికి ఊతపదం అయిపోయింది. ఎంతమందిని అన్నాడో అతనికే గుర్తులేదు. ధన్‌సింగును అన్నది మాత్రం గుర్తుంది.

ధన్‌సింగుది ఎల్లారెడ్డి అవతల అడవి అంచున ఉన్న తండా. ఏటా దసరా దీపావళి దాటగానే చెరుకు కోతకు మహారాష్ట్ర పోయి, ఎండాకాలం తిరిగొస్తాడు. నెమ్మదైన మనిషి. తండాలో అతనికి ఒక గౌరవం ఉండేది. ఎవరి చేను విత్తాలన్నా, గొర్రు కట్టనీ ట్రాక్టర్ పెట్టనీ, మొదటి పిడికెడు గింజలు ధన్‌సింగు వేయాల్సిందే. అతని చెయ్యి మంచిదని నమ్మకం. తెల్లారకముందే వచ్చి పిలుచుకుపోయేవాళ్లు. కూలీ ఇచ్చేవాళ్లు కాదు, అతను అడిగేవాడూ కాదు. ఆ పిలుపే అతనికి చాలు.

రెండేళ్ల కిందట ఒక అంగడి రోజున ధన్‌సింగు ఆటకు కూర్చున్నాడు. ఓడాడు. మళ్లీ వేశాడు, మళ్లీ ఓడాడు. మూగినవాళ్లలో సగం మంది తండావాళ్లే. సిద్ధిరాములుకు ఆరోజు గిరాకి మంచిగా ఉంది, హుషారు మీద ఉన్నాడు. ధన్‌సింగు మణికట్టు పట్టుకుని చెయ్యి పైకెత్తి అందరికీ చూపించాడు.

"గీ చెయ్యితోని ఇత్తులు పెట్టిస్తున్నరా? జర పైలం! బొమ్మనే పడ్తలేదు, ఇగ మొలకేం మొలుస్తది?"

జనం ఘొల్లుమన్నారు. ధన్‌సింగు కూడా నవ్వాడు, కాకపోతే చెయ్యి మెల్లగా విడిపించుకుని జేబులో పెట్టుకున్నాడు. ఆ యేడు తండాలో ఇద్దరి మక్కచేన్లు సరిగ్గా మొలవలేదు. వాన ఆలస్యమైంది, అది అందరికీ తెలుసు. అయినా అంగట్లో మాట తండా దాకా నడిచిపోయింది. తర్వాతి పంట కారుకు ఎవరూ ధన్‌సింగు గడప తొక్కలేదు.

ఈ సంగతి ధన్‌సింగు భార్య చాంది ఒకసారి పుట్నాలు కొంటూ చెప్పింది. "మా ఆయన ఇప్పుడు గింజ ముడ్తలేడన్నా." సిద్ధిరాములు పొట్లం కడుతూ, "తక్దీరు చెల్లె, మనం ఏం జేస్తం," అని పైనుంచి ఇన్ని పుట్నాలు ఎక్కువ వేశాడు. అంతటితో ఆ ముచ్చట మరిచిపోయాడు కూడా.

మొన్న దసరాకు అసలు కథ బయటపడింది.

పండుగనాడు ఎవరి పనిముట్లకు వాళ్లు మొక్కుకోవడం ఉన్నదే. యాదవ్వ తన కత్తెర, చాట పెట్టింది. సిద్ధిరాములు పుట్నాలు తూచే తరాజు పెట్టి, దాని పక్కన మూడు బిళ్లలూ పెట్టాడు. యాదవ్వ ఒక బిళ్లకు అటూ ఇటూ పసుపు పూసింది, రెండోదానికి అట్లాగే రెండు వైపులా కుంకుమ పెట్టింది. మూడోదాని దగ్గరికి వచ్చేసరికి పొయ్యి మీద పాలు పొంగాయి. ఆ గడబిడలో మూడో బిళ్ల ఉత్తదే మిగిలింది. పూజలో పెట్టిన బొట్టు మన చేత్తో తుడవకూడదు కదా, సిద్ధిరాములు బిళ్లల్ని అట్లాగే గ్లాసులో వేసుకుని అంగడికి పోయాడు.

ఇన్నేళ్లూ ఆ మూడూ ఒక్కలాంటి బిళ్లలు. ఆ రోజు మాత్రం వేటికవే వేరుగా కనిపించాయి. ఒకాయన వేశాడు, రెండు బొమ్మలు పడ్డాయి: పసుపుదీ, కుంకుమదీ. ఇంకొకాయన వేశాడు, మళ్లీ రెండు బొమ్మలే, ఈసారి పసుపుదీ ఉత్తదీ. ఆ తర్వాత కుంకుమదీ ఉత్తదీ. సిద్ధిరాములు తరాజు పట్టుకున్నవాడు పట్టుకున్నట్టే ఉండిపోయాడు. పుట్నాలు కొనే ఆమె రెండుసార్లు కేకేసింది.

రెండు బొమ్మలు అంటే ఒక్క తీరు కాదు, మూడు తీర్లు! గుడ్డ మడిచేసి పెందరాళే ఇంటికి వచ్చాడు.

యాదవ్వ చాట ఒడిలో పెట్టుకుని బీడీలు చేస్తోంది. ఎదురుగా కూర్చుని బిళ్లల్ని ఒక్కో తీరుగా తిప్పిపెట్టాడు. "తీరుకొక్క బీడీ పక్కకు పెట్టవే," అన్నాడు. యాదవ్వ విసుక్కుంటూనే పెట్టింది. రెండు బొమ్మలకు మూడు బీడీలు. ఒక్క బొమ్మకు మూడు. అసలు పడకపోతే ఒకటి. మూడూ బొమ్మలకు ఒక్కటే ఒకటి.

"ఎనిమిదాయె," అంది యాదవ్వ. "నువ్వు నాలుగంటివి గదయ్యా?"

సిద్ధిరాములు వేళ్లు మడిచి లెక్క చూసుకున్నాడు. ఎనిమిదింట్లో ఒకటి. అరవైని ఎనిమిది మందికి పంచితే ఆటకు ఏడున్నర. తను తీసుకున్నది పదిహేను, సరిగ్గా రెండింతలు. ఎల్లమ్మ చలవ లేదు, పాడు లేదు. హుండీలో వేసింది కూడా ఓడినవాళ్ల సొమ్మే.

"తెల్వక చేసినవు," అంది యాదవ్వ. ఆ నోట అంత మెత్తని మాట రావడం అరుదు. "ధర తగ్గియ్యి, అయిపాయె. ఎవ్వలకు తెలుస్తది?"

తగ్గించాడు. ఆటకు ఎనిమిది, గెలిస్తే అరవై నాలుగు. ఎందుకు తగ్గిందని అడిగినవాళ్లకు "దసరా ఆఫర్" అని అబద్ధం చెప్పాడు. ధర సరిపోయింది గాని మనసు సరిపోలేదు. అన్నం ముందు కూర్చుంటే తను పైకెత్తి చూపించిన ఆ చెయ్యే కళ్లలో మెదిలేది. డబ్బు పోతే ధన్‌సింగు మళ్లీ చెరుకు కోసి సంపాదించుకుంటాడు. తెల్లవారుజామున వచ్చే ఆ పిలుపును ఎక్కడ సంపాదించుకుంటాడు? తప్పుడు ధర తనది, చెడ్డపేరు అతనిది. ఛీ, ఏం బతుకు అనిపించింది.

ఆ వారమే చాంది పుట్నాలకు వచ్చి మాటల్లో చెప్పింది. వాన పడి నేల మంచి పదును మీద ఉందట, శనగ పెట్టాలట. ధన్‌సింగు తన సొంత చేన్లో కూడా చెయ్యి పెట్టనంటున్నాడట. "మా తమ్ముడు బాబూలాల్‌ను రమ్మన్నం. వాడు వరి కోతల నుంచి ఎన్నడొస్తడో ఏమో, పదును ఆరిపోతున్నది."

సిద్ధిరాములు పొట్లం కట్టలేకపోయాడు. తెల్లారి బస్సెక్కి, దిగి, నడిచి తండా చేరాడు.

ధన్‌సింగు గట్టు మీద కూర్చుని ఉన్నాడు, పక్కన శనగల సంచి. సిద్ధిరాములు తువ్వాల పరిచి, పసుపు బిళ్ల, కుంకుమ బిళ్ల, ఉత్త బిళ్ల పెట్టి ఎనిమిది తీర్లూ చూపించాడు.

"తప్పు నీ చెయ్యిది కాదు తమ్మీ. నా ధరది. నీది మంచి చెయ్యి. నన్ను మాఫ్ చెయ్యి."

ధన్‌సింగు బిళ్లల మీదికి వంగాడు. ఉత్త బిళ్లను వేలితో ఒకసారి తిప్పాడు. కోపం రాలేదు, అదే సిద్ధిరాములుకు ఇంకా కష్టంగా ఉంది. నాలుగు తిట్టినా బాగుండేది.

"అన్నా," అన్నాడు ధన్‌సింగు చివరికి. "నా చెయ్యి చెడ్డదని ఎక్కడ అన్నవు?"

"అంగట్ల."

"అందరి ముంగట అన్నవు. మంచిదని ఎవ్వరు లేని కాడ చెప్పవడ్తివి."

సిద్ధిరాములు బిళ్లల్ని ఏరి తువ్వాలలో మూట కట్టుకున్నాడు.

"ఎల్లుండి అంగడి," అన్నాడు ధన్‌సింగు సంచి మూతి కడుతూ. "ఎల్లుండి దాక పదును ఉంటే ఉంటది, పోతే పోతది."

ఆ రెండు రోజులూ సిద్ధిరాములు ఎండను చూసినప్పుడల్లా గుండెలు బాదుకున్నాడు. తడి ఆరితే ఆ చేను ఈ యేడు పడావే, విత్తు లేక ఖాళీగా ఉండాల్సిందే. అంగట్లో అందరి ముందూ తప్పు ఒప్పుకుంటానంటే యాదవ్వ "పిచ్చి లేసిందా, నలుగురిల నామోషి" అని మొత్తుకుంది. తర్వాత ఆమే బిళ్లలకు మళ్లీ పసుపు కుంకుమ పూసి చేతికిచ్చింది.

అంగడి నిండుగా ఉన్న వేళ చూసి సిద్ధిరాములు గుడ్డ పరిచాడు. ధన్‌సింగు దూరంగా, ఉల్లిగడ్డల కుప్ప పక్కన నిలబడి ఉన్నాడు. తండావాళ్లూ ఉన్నారు. సిద్ధిరాములు ఖాళీ డబ్బా ఎక్కాడు.

"అందరు ఇనుండ్రి! ఇన్నేండ్లు నేను చెప్పిన లెక్క తప్పు. నాలుగు కాదు, ఎనిమిది. ఏడున్నర ఆటకు పదిహేను తీసుకున్న. ధన్‌సింగు చెయ్యి మంచిదే. ఓడగొట్టింది నా ధర. నేను చెయ్యి పట్టి చూపిచ్చి నవ్విచ్చిన, అది పాపం!"

మొదట ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక అంగడి భగ్గుమంది. "దొంగ లంగ!" అని ఒకరు, "ధర్మం ఆట అన్నవు గదరా!" అని ఇంకొకరు. ఎవరో పుట్నాల బస్తాను కాలితో తన్నారు. సిద్ధిరాములు డబ్బా దిగలేదు. అడిగినవాళ్లకల్లా బిళ్లలు పెట్టి ఎనిమిది తీర్లూ మళ్లీ మళ్లీ చూపించాడు.

గుంపు పలచబడ్డాక ధన్‌సింగు దగ్గరికి వచ్చాడు. మాఫ్ చేసినానని మాత్రం అనలేదు. తండా పెద్దాయన అతని భుజం మీద చెయ్యి వేసి ఉన్నాడు.

"అడుగున తడి ఇంక ఉన్నది," అన్నాడు ధన్‌సింగు. "పోతున్న, ఇయ్యాలనే పెడత."

రెండు చేతులూ ఊపుకుంటూ అతను బస్టాండు వైపు పోతుంటే సిద్ధిరాములుకు ఇన్నాళ్లకు ఊపిరి ఆడినట్టయింది. వంగి, చెల్లాచెదురైన పుట్నాలు ఎత్తుకోబోయాడు.

ఎదురుగా ఒక ముసలవ్వ నిలబడి ఉంది. బీర్కూర్ దిక్కు నుంచి వచ్చినట్టుంది, చేతిలో బస్సు టికెట్ నలిగి ఉంది. ఇందాకటి నుంచి అందరూ పోయేదాకా ఆగినట్టుంది.

"నాకు గూడ గట్లనే చెప్పినవు బిడ్డా, మా ఊరి అంగట్ల," అంది చెయ్యి చాపి చూపిస్తూ. "అప్పటి నుంచి మనుమరాలి పెండ్లిల గూడ పసుపు ముట్టలేదు నేను. మరి నా చెయ్యి?"

సిద్ధిరాములు ఆమె చేతిని రెండు చేతులతో పట్టుకున్నాడు. ఎంత చూసినా ఆ ముఖం అతనికి గుర్తుకు రాలేదు.