మద్దిలేటి అన్న పట్టుకున్న రెండు గీతల తేడా

నిన్న పొద్దున కర్నూలు బస్సు ఎక్కబోతుంటే ఫోన్ వచ్చింది. మద్దిలేటి అన్న పోయాడట. హార్ట్ ఎటాక్.

మొన్న సాయంత్రమే కలిసి టీ తాగాం.

బస్సు వెళ్లిపోయింది. నేను బస్టాండ్‌లోనే కూర్చుండిపోయాను.

తెలియని వాళ్ల కోసం చెబుతున్నా. గద్వాలలో నేను పనిచేసే లేత్ షాపు అన్నదే. అరిగిన మోటార్ షాఫ్ట్‌కు నేను వెల్డింగ్ పోస్తే, ఆయన లేత్ మీద తిప్పి సైజుకు తెచ్చేవాడు. మైక్రోమీటర్‌తో మిల్లీమీటర్‌లో వందో వంతు దాకా చూసేవాడు. షాఫ్ట్ వేడిగా ఉంటే అసలు కొలిచేవాడే కాదు.

"సల్లారనీ. వేడి మీద ఇనుము అబద్ధం చెప్తది" అనేవాడు.

ఒక సంగతి ఇన్నేళ్లూ నాలోనే దాచుకున్నాను.

అప్పటికి మాలో ఎవరికీ సెల్‌ఫోన్ లేదు. ఒకరోజు నా చెయ్యి తగిలి ఆ మైక్రోమీటర్ కింద పడింది. ఎవరూ చూడలేదు. తుడిచి డబ్బాలో పెట్టేశాను.

మర్నాడు అన్న దాన్ని మూసి చూశాడు. సున్నా చూపించాల్సింది, రెండు గీతలు ఎక్కువ చూపిస్తోంది.

"ఇది కింద గిట పడ్డదా?"

ఒప్పుకున్నాను.

"నిన్ననే చెప్తే అయిపోవు గద తమ్మీ" అన్నాడు. అంతే.

అది పడ్డాక చేసిన షాఫ్ట్ ఒక్కటే. అయిజ దగ్గరి రైతు తిమ్మప్పది. ఆ రెండు గీతల మేర షాఫ్ట్ సన్నబడి ఉంటుంది. తేడా వెంట్రుక మందం కూడా ఉండదు. అయినా ఇద్దరం బస్సెక్కాం.

తిమ్మప్ప మిరప తోటకు నీళ్లు కడుతున్నాడు. మోటార్ బాగానే నడుస్తోంది.

"నడిచే మోటార్ ఎందుకు ఇప్పుతవ్ మేస్త్రీ?"

"ఇయ్యాల నడుస్తది. నెలకో, రెండ్నెల్లకో ఆగుతది. అప్పుడు తోట ఎండుతది. కొలతల తప్పు నాదే. జర ఇప్పనీయ్."

తప్పు నాదే అన్నాడు. నేను పక్కనే నిలబడి ఉన్నాను.

విప్పితే, షాఫ్ట్‌ను గట్టిగా పట్టుకుని ఉండాల్సిన బేరింగ్ చేత్తో లాగగానే వచ్చేసింది.

"నాకైతే తెల్వకపోతుండె" అన్నాడు తిమ్మప్ప.

"నాకు తెల్సింది గద" అన్నాడు అన్న.

షాఫ్ట్‌ను షాపుకు తెచ్చి మళ్లీ చేశాం. పొద్దుగూకేలోపు తోటలో నీళ్లు పారాయి.

తర్వాత ఆ ఊరివాళ్లంతా మా షాపుకే వచ్చారు. ఆ మైక్రోమీటర్ పడేసింది ఎవరో అన్న ఎవరికీ చెప్పలేదు. ఈ రోజు నేనే చెబుతున్నాను.

పోయిరా అన్నా. జీవితమంతా కళ్లు చికిలించి చూశావు. ఇక ఆ కళ్లకు హాయిగా విశ్రాంతి దొరకాలి.