రాహేలమ్మ గారి పరీక్ష

నిన్న బెంజ్ సర్కిల్ దగ్గర మా ఆఫీసు మెట్ల మీద, జకార్తా నుంచి వచ్చిన బేరగాడొకడు సిగరెట్టు వెలిగించాడు. వాళ్ల సిగరెట్లలో లవంగం కలుపుతారు. ఆ ఘాటు ముక్కుకు తగలగానే హారన్లూ ఎండా మరిచిపోయి, గుణదలలో రాహేలమ్మ గారి ముందుగదిలో కూర్చున్నట్టయింది. ఆవిడ ఎప్పుడూ బుగ్గన లవంగమొగ్గ పెట్టుకునే మాట్లాడేవారు. మీలో ఎవరూ ఆవిణ్ని ఎరగరు. అది మీ దురదృష్టం, ఏమనుకున్నా సరే.

రాహేలమ్మ గారు ఇండోనేసియాలోని సుమత్రా దీవిలో పుట్టారు. వాళ్ల నాన్న అక్కడ డచ్చి దొరల రబ్బరు తోటలో కాంపౌండరు. చిన్నతనంలోనే ఇటు వచ్చేసి, ఇక్కడ ఇంగ్లీషు టీచరుగా చేసి రిటైరయ్యారు. నాది పెడన, కలంకారీ అద్దకాల ఇల్లు. డిగ్రీ కాగానే విజయవాడలో బట్టలు ఎగుమతి చేసే చోట ఉద్యోగం దొరికింది. ఇండోనేసియా బేరాలు వచ్చేలా ఉన్నాయని మా ఓనరు గారు అంటే, ఆ భాష నేర్పమని ఆవిడ గుమ్మం ఎక్కాను. పుస్తకం లేదు, ఆవిడ నోరే పుస్తకం. వాళ్ల ‘లెమారి’ మన అలమారేననీ, వాళ్ల ‘సాబున్’ మన సబ్బేననీ, ఓడల్లో వచ్చినవాళ్లు రెండు తీరాల్లోనూ అవే మాటలు దింపిపోయారనీ చెప్పి మురిసిపోయేవారు. తప్పు పలికితే మాత్రం స్కేలు బల్ల మీద ఠపీమనేది.

ఏడాది తిరిగేసరికి ఇండోనేసియా బేరగాళ్లు వస్తున్నట్టు కబురొచ్చింది. ఆ దేశం వదిలాక ఆవిడ ఆ భాష మనిషితో ఒక్క మాటా మాట్లాడలేదు. ముందురోజు సాయంత్రం నా చెయ్యి పట్టుకున్నారు.

“రేపు పరీక్ష నీది కాదే పద్మా, నాది. ఇన్నేళ్లు మోసుకొచ్చిన భాష బతికుందో లేదో రేపు తేలిపోతుంది.”

మర్నాడు ఆవిడ నేర్పిన డచ్చి కాలపు స్పెల్లింగులో స్వాగతం బోర్డు రాసి గుమ్మంలో పెట్టాను. పెద్దాయనకు దణ్ణం పెట్టి, ‘తువాన్’ అన్నాను. అంటే దొరగారూ అని. వెనకాల ఉన్న కుర్రాళ్లు ఫక్కుమన్నారు. ఆ రాత తాతల నాటిదట, ఆ పిలుపు డచ్చివాళ్లతోనే పోయిందట. మా ఓనరు గారి మొహం మాడిపోయింది. నాకు తల కొట్టేసినట్టయింది, ఆ వెంటనే ఒళ్లు మండింది. నేర్పినావిడ మీ దేశంలోనే పుట్టింది, ఆ నవ్వేదో ఆవిడ ఎదుట నవ్వమనండి అనేశాను. ఆ పెద్దాయన పేరు సుర్యాదీ. ఆయన నవ్వలేదు. నన్ను ఆవిడ దగ్గరికి తీసుకెళ్లండి అన్నారు. అనవసరంగా నోరు జారానే అనుకుంటూ కారెక్కాను.

జరిగింది ఆవిడకు ముందుగా చెప్పే వీలు లేకపోయింది. ఆవిడ గంజిపెట్టిన తెల్లచీరలో గుమ్మంలోకి వచ్చి, చేతులు జోడించి, తువాన్ అనే పలకరించారు. సుర్యాదీ గారు ఆవిడ భాష ఎంత చక్కగా ఉందో ముందు చెప్పి, ఆ మాట ఇప్పుడు మాలో ఎవరూ వాడరమ్మా అన్నారు. ప్రెసిడెంటునైనా రిక్షా తొక్కేవాణ్నయినా ‘పాక్’ అంటారట. నాన్నగారూ అనే అర్థం. ఆవిడ కుప్పకూలిపోతారని నేను ఒక అడుగు ముందుకు వేశాను. ఆవిడ కళ్లజోడు తీసి నావైపు తిరిగారు.

“మా నాన్న ఆ మాట అనకుండా ఒక్కపూట అన్నం తిన్లేదే. జ్వరమొస్తే కూడా తువాన్, తువాన్ అనే పలవరించేవాడు. పోయిందటే ఆ దిక్కుమాలిన మాట?”

పోయిందండీ అన్నాను. అప్పుడు ఆవిడ ఆయనకు కుర్చీ చూపించి వాళ్ల భాషలో అన్నారు:

“కూర్చోండి, పాక్ సుర్యాదీ. ఇంకా ఏమేం వదిలేశారో చెప్పండి, నేనూ వదిలేస్తాను.”

ఆ సాయంత్రం ఆవిడ విద్యార్థి అయ్యారు. తప్పు దిద్దడానికి ఆయన మొహమాటపడుతుంటే స్కేలు తీసి ఆయన చేతికిచ్చారు. కొత్త స్పెల్లింగు పట్టుబట్టి నేర్చుకున్నారు. ఆపైన పాలవాడి దగ్గర్నుంచి పాస్టరు గారి దాకా కనిపించిన ప్రతివాళ్లకూ, మా భాష దొరల్ని దింపేసిందండీ అని చెప్పుకున్నారు. పరీక్షలో ఫస్టు వచ్చినంత గర్వం. ఆవిడ శిష్యురాల్నని చెప్పుకోవడానికి నాకూ అంతే గర్వం.

ఆవిడ కాలం చేసి చాలా ఏళ్లయింది. నేర్పిన మాటల్లో సగం ఇవాళ చెల్లవు. కుర్రాళ్లు నా మాట పాతదంటే, కొత్తది చెప్పు నాయనా అని అడిగి నేర్చుకుంటున్నాను. నిన్న ఆ లవంగం సిగరెట్టతను పైకొచ్చాక, మా కొత్త ఓనరుగారిని ‘పాక్’ అని పరిచయం చేశాను. పక్కనే పెడన నుంచి బట్టలు తెచ్చిన అద్దకం పనివాడు వెంకటేశ్వర్లు గారున్నారు. ఆయన్నీ ‘పాక్’ అనే పరిచయం చేశాను. అతను ఇద్దరికీ ఒకేలా వంగి నమస్కారం పెట్టాడు. తర్వాత కొత్త ఓనరుగారు నన్ను పక్కకు పిలిచి, ఇద్దరికీ ఒకే మాటేమిటండీ, నాకు ఇంకాస్త పెద్దది లేదా అన్నారు.

“ఉండేదండీ,” అన్నాను. “వాళ్లు తీసేశారు.”